టేకు బల్లకు ఇన్సర్టులు బిగించే ముందు

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కొలతలు చూశాను. టేకు పలక 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, చిత్రిక పట్టాక 24 ఎం.ఎం. మందం. కింద వెల్డింగ్ షాపులో చేయించిన రెండు ఇనుప ఫ్రేములు, ఒక్కో ఫ్రేము పైపట్టీ 5 ఎం.ఎం. మందం, పట్టీకి నాలుగు ఎం6 (6 ఎం.ఎం. లావు) బోల్టులు. అంటే మొత్తం ఎనిమిది ఇన్సర్టులు (బయటి మరతో కర్రలోకి దిగి, లోపలి మరలో బోల్టును పట్టే లోహపు గొట్టాలు), ఎనిమిది బెజ్జాలు. ఎనిమిదే కదా, గంటలో అయిపోతుంది అనిపిస్తుంది. డ్రిల్ తిరిగేది పది నిమిషాలకు మించదు. మిగతా పూటంతా డ్రిల్ పట్టుకోకముందు చేసుకునే పనే.

ఇన్సర్టు బదులు టీ నట్టు, అంటే గోళ్ళున్న పళ్ళెం నట్టు, వాడొచ్చా అని అడిగావు కదా, ముందు ఆ సందేహం తీర్చేస్తాను. అది చవకే, కానీ ఇక్కడ పనికిరాదు. టీ నట్టు గోళ్ళు బోల్టు తలకి అవతలి వైపు నుంచి దిగాలి. అప్పుడే బిగించినకొద్దీ కర్రలోకి కూరుకుంటుంది. నీ బల్లకి అవతలి వైపంటే అన్నం తినే వైపు. దాన్ని అడుగున కొడితే బోల్టు బిగించిన ప్రతిసారీ గోళ్ళు బయటకి లాగుతాయి. మామూలు చెక్క స్క్రూ అయితే రెండు మూడు సార్లు ఊడదీసి బిగించేసరికి కర్రలో పట్టు అరిగిపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా కాళ్ళు విప్పాలంటున్నావు కాబట్టి మర ఉన్న ఇన్సర్టే సరైనది.

ఇక బెజ్జం సైజు. ఇన్సర్టుల ప్యాకెట్ మీద ఒక అంకె రాసి ఉంటుంది. దాన్ని నమ్మి నేరుగా పలకలో దించకు. అదే ఎం6 అని అమ్మేవాటిలోనే బయటి మర ఒకదానికి 9 ఉంటుంది, ఇంకోదానికి 10 ఉంటుంది. బోల్టు సైజు లోపలి మరది, బెజ్జం సైజు బయటి మరది. నువ్వు వెర్నియర్‌తో కొలిచినదాని ప్రకారం బయటి మర అంచు నుంచి అంచుకి 10 ఎం.ఎం., మర గాడి అడుగున 8 ఎం.ఎం., పొడవు 13. అంటే ఒక్కో పక్క మర ఎత్తు 1 ఎం.ఎం. బెజ్జం 8 వేస్తే మర మొత్తం కర్రలో దిగుతుంది. 8.5 వేస్తే ముప్పాతిక, 9 వేస్తే సగం, 9.5 వేస్తే పావు.

మర మొత్తం దిగితే మంచిదే కదా అంటావు. మెత్తకర్రలో మంచిదే. అక్కడ నార నలిగి చోటిస్తుంది. టేకులో అంత చోటు దొరకదు. నీ దగ్గరున్నవి జింక్ పోతవి, లోపల అలెన్ కీ పట్టే ఆరు పలకల గుంట ఉన్నవి. 8 బెజ్జంలో సగం దిగేసరికి ఆ గుంట మూలలు గుండ్రంగా అరిగి, అలెన్ కీ ఊరికే తిరుగుతుంది. అప్పుడది లోపలికీ పోదు, బయటికీ రాదు. అంచు దగ్గరైతే కర్ర చీలిపోవచ్చు కూడా. టేకుకి 8.5తో మొదలుపెట్టు. తుమ్మ, నల్లమద్ది లాంటి గట్టికర్ర అయితే 9. అయినా ఇవి మొదలుపెట్టే అంకెలే. అసలు సైజు తేల్చేది నీ పలకలోంచి కోయగా మిగిలిన ముక్క.

ఆ ముక్క పారేశావో ఉంచావో చూడు. అదే కర్ర, అదే మందం ఉండాలి. బెజ్జం కూడా పలకలో వేసే వైపు నుంచే, వెడల్పు ముఖం మీదే వేయాలి. చివరి కోతముఖంలో, అంటే నార కొనలు కనిపించే వైపు వేసి చూస్తే ఇన్సర్టు సులువుగా దిగుతుంది, అంత సులువుగానూ ఊడుతుంది. ఆ పరీక్ష నీకేమీ చెప్పదు. ముక్కలో 8, 8.5, 9 మూడు బెజ్జాలు ఒకదానికొకటి 40 ఎం.ఎం. ఎడంలో వేసి మూడింట్లోనూ ఇన్సర్టులు దించు. దిగేటప్పుడు చేతికి గట్టిగా తగలాలి కానీ అలెన్ కీ వంగకూడదు.

తర్వాత పట్టు చూడాలి. ఇన్సర్టు చుట్టూ ఒక ఎం16 నట్టు పెట్టు. దాని బెజ్జం ఇన్సర్టు కంటే వెడల్పు కాబట్టి ఇన్సర్టుకి తగలకుండా కర్ర మీద కూర్చుంటుంది. దాని మీద వెడల్పు వాషర్ వేసి, 25 ఎం.ఎం. ఎం6 బోల్టుతో బిగించు. అలెన్ కీ పొట్టి కాడ వైపు పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టేదాకా బిగించినా ఇన్సర్టు పైకి లేవకపోతే ఆ సైజు పనికొస్తుంది. లేచి నట్టులోకి వచ్చేస్తే బెజ్జం వదులు. రెండు సైజులూ నిలబడితే పెద్దది తీసుకో. దించడం సులువు, పట్టులో తేడా నీకు తెలియదు.

బిట్ల విషయంలో మన బజారుతో ఒక చిక్కుంది. కర్రకి సరైనది మధ్యలో సూదిమొన, పక్కన రెండు కోరలు ఉండే బ్రాడ్ పాయింట్ బిట్. మొన గుర్తులో కూర్చుని కదలదు, కోరలు నారను ముందే గుండ్రంగా కోస్తాయి కాబట్టి అంచు లేవదు. కానీ ఇవి సెట్లలో 8, 9, 10 అనే వస్తాయి. 8.5 దొరకడం కష్టం. ఇనుముకి వాడే మామూలు హెచ్.ఎస్.ఎస్. బిట్లు మాత్రం అర ఎం.ఎం. తేడాతో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. వాటితో నేరుగా మొదలుపెడితే టేకులో గట్టి రేఖ తగలగానే మెత్తటి పక్కకి జారతాయి. గుర్తు మీద పంచ్‌తో కొట్టిన గుంట ఉన్నా ఒక ఎం.ఎం. జరగడం మామూలే. కాబట్టి 8 బ్రాడ్ పాయింట్‌తో బెజ్జం వేసి, తర్వాత 8.5 హెచ్.ఎస్.ఎస్. బిట్‌తో అదే దారిలో వెడల్పు చెయ్యి. ముందు బెజ్జం ఉంది కాబట్టి పక్కకి పోదు. కాకపోతే తీసేది తక్కువ కాబట్టి బిట్ స్క్రూలా తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. నెమ్మదిగా తిప్పుతూ, డ్రిల్‌ని కొంచెం వెనక్కి పట్టి ఆపుకో. 3 ఎం.ఎం. బిట్‌తో ముందు చిన్న బెజ్జం వేసి తర్వాత బ్రాడ్ పాయింట్ పెట్టకు. మొనకి కూర్చునే కర్ర లేక అది అటూ ఇటూ ఆడుతుంది. పార లాంటి స్పేడ్ బిట్లు అసలు వద్దు. వాటి మొన పొడవు, సైజు సరిగా రాదు, 24 ఎం.ఎం. పలకలో మొన పైకి పొడుచుకొచ్చినా వస్తుంది.

డ్రిల్ మీద సుత్తి గుర్తు ఉన్న బటన్ ఉంటుంది, చూశావా? మన ఇళ్ళలో డ్రిల్ గోడకే వాడతారు కాబట్టి అది ఎప్పుడూ సుత్తి మోడ్‌లోనే పడి ఉంటుంది. దాన్ని ఆఫ్ చెయ్యి. ఆ కుదుపుకి కర్రలో బెజ్జం కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, ఎందుకు వదులైందో తెలియక ఇన్సర్టును తిడతాం. అలాగే బిట్ బిగించాక ఒకసారి గాలిలో తిప్పి మొన వైపు చూడు. మొన ఒక చుక్కలా నిలబడాలి. చిన్న సున్నా చుడుతుంటే బిట్ వంగినట్టో, చక్‌లో, అంటే బిట్‌ను పట్టే దవడల్లో, వంకరగా కూర్చున్నట్టో. తీసి మళ్ళీ బిగించు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. డ్రిల్ కంటే ముందు ఫ్రేము సంగతి చూడు. టేకు నమ్మకమైన కర్రే, అయినా వానాకాలానికీ వేసవికీ మధ్య వెడల్పులో పెరుగుతుంది, తగ్గుతుంది. పొడవులో కదలిక లెక్కలోకి రాదు. 750 ఎం.ఎం. వెడల్పు పలకలో తేమ 4 శాతం మారితే, కోత తీరును బట్టి 3 నుంచి 5న్నర ఎం.ఎం. దాకా తేడా వస్తుంది. నీ ఇనుప పట్టీ ఆ వెడల్పుకి అడ్డంగానే ఉంది, ఇనుము కదలదు. నాలుగు బోల్టులూ గుండ్రటి బెజ్జాల్లో బిగుసుకుంటే పలక కదలడానికి దారిలేక మధ్యలో నిలువుగా పగులుతుంది, లేదా చివరి ఇన్సర్టులు పక్కకి ఒరిగి వదులవుతాయి. జనం అప్పుడు ఇన్సర్టు మంచిది కాదంటారు.

అందుకని పట్టీలో మధ్యకి దగ్గరగా ఉన్న రెండు బెజ్జాలు గుండ్రంగా 7 ఎం.ఎం. ఉండనీ. చివరి రెండూ మధ్య నుంచి దాదాపు 300 ఎం.ఎం. దూరంలో ఉన్నాయి. వాటిని పట్టీ పొడవు వైపు సాగదీసి 7 వెడల్పు, 14 పొడవు గాడులు చేయించు. వెల్డింగ్ షాపులో పక్కపక్కనే రెండు బెజ్జాలు వేసి మధ్యది ఆకురాయితో తీసేస్తారు. అంచుల చిట్లు నున్నగా గీకమని చెప్పు, లేకపోతే వాషర్ పట్టుకుని జారదు. వాషర్లు వెడల్పువి, కనీసం 18 ఎం.ఎం. ఉన్నవి తీసుకో.

గుర్తు పెట్టడానికి టేపు తీయకు. టేపుతో కొలిచి పలక మీద, టేపుతో కొలిచి పట్టీ మీద వేసిన గుర్తులు రెండూ విడివిడిగా సరిగానే కనిపిస్తాయి, కలిపితే కలవవు. పైగా చేత్తో చేసిన ఫ్రేములు రెండూ ఒకేలా ఉండవు. పలకను దుప్పటి మీద బోర్లా పడుకోబెట్టి, ఫ్రేమును దాని మీదే అసలు చోట తలకిందులుగా నిలబెట్టు. మూలమట్టంతో పలక అంచుకి చతురస్రంగా ఉందో లేదో చూసి, కదలకుండా క్లాంపు వెయ్యి. ఫ్రేము మీద 1, 2 అనీ, పలక మీద అవే అంకెలూ, ఏ వైపు గోడకో బాణం గుర్తూ పెన్సిల్‌తో రాసుకో. తర్వాత పట్టీ బెజ్జాల్లోంచి గుర్తు దించు. 7 ఎం.ఎం. బ్రాడ్ పాయింట్ బిట్ ఉంటే దాన్ని చేత్తో బెజ్జంలోకి దించి పైన తట్టు, మొన సరిగ్గా మధ్యలో గుంట పెడుతుంది. పెన్సిల్‌తో చుట్టూ గీసి మధ్య చూసుకోవడం కంటే ఇది చాలా నికరం.

గాడుల దగ్గర మాత్రం ఒక లెక్క ఉంది. నువ్వు ఈ పని వానల్లో చేస్తుంటే కర్ర ఉబ్బి ఉంటుంది, ఇక మీదట లోపలికే తగ్గుతుంది. అందుకని గుర్తు గాడి మధ్యలో కాక బయటి వైపుకి ఒక ఎం.ఎం. జరిపి పెట్టు. ఏప్రిల్, మే నెలల్లో అయితే దీనికి ఉల్టా, లోపలి వైపుకి. అప్పుడు బోల్టుకి రెండు కాలాల్లోనూ జరగడానికి చోటుంటుంది.

గుర్తులయ్యాయి. ఇప్పుడు బెజ్జం నిట్టనిలువుగా దిగాలి. కంటి చూపుతో నిలువు పట్టగలం అనుకుంటాం. ఎదురుగా కనిపించే వైపు సరిగానే పడతాం, మనకేసి వంగిన వంపు మాత్రం తెలియదు. పలకను బెంచ్ డ్రిల్ కింద పెట్టలేం కాబట్టి, బెంచ్ డ్రిల్‌ పనితనాన్ని ఒక దిమ్మలో పెట్టి పలక దగ్గరికి తెచ్చుకోవాలి. 40 ఎం.ఎం. ఎత్తు, పొడవూ వెడల్పూ 60 ఎం.ఎం. ఉన్న గట్టికర్ర దిమ్మ ఒకటి తీసుకో. అడుగు ముఖం చదునుగా ఉండాలి, గాజుపలక మీద పెడితే ఊగకూడదు. వెల్డింగ్ షాపులోనో లేత్ షాపులోనో ఉన్న బెంచ్ డ్రిల్ మీద నీ 8 బ్రాడ్ పాయింట్ బిట్‌తోనే దానికి నిలువు బెజ్జం వేయించు. వేరే 8 బిట్ అయితే వదులు రావచ్చు. ఎనిమిది బెజ్జాలకి కర్ర దిమ్మ సరిపోతుంది. పదుల కొద్దీ బల్లలు చేసేవాళ్ళు మాత్రం ఇనుప దిమ్మ చేయించుకోవాలి, కర్రది అరిగి వదులైపోతుంది.

దిమ్మను కూర్చోబెట్టేటప్పుడు బిట్‌ను డ్రిల్ నుంచి తీసి, చేత్తో దిమ్మలోంచి కిందకి దించు. మొన పంచ్ గుంటలో పడ్డట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు దిమ్మను కదలకుండా పట్టుకో. అంచు దగ్గరి బెజ్జాలకి క్లాంపు అందుతుంది, మధ్యవాటికి అందదు. అక్కడ అడుగున రెండు వైపులా అంటుకునే టేపు వెయ్యి, లేదా దిమ్మ బదులు పొడుగాటి కర్ర పట్టీకే బెజ్జం వేయించి దాని చివర క్లాంపు బిగించు. దిమ్మ కింద ఒక్క రంపపు పొట్టు రేణువు ఉన్నా నిలువు తప్పుతుంది, ప్రతి బెజ్జానికీ ముందు తుడువు.

లోతు లెక్క ఇది. పట్టీ 5, వాషర్ 1.5, కలిపి 6.5. 20 ఎం.ఎం. బోల్టు కర్రలోకి 13.5 పోతుంది. 13 పొడవు ఇన్సర్టును ఉపరితలానికి ఒక ఎం.ఎం. లోపలికి దించితే దాని అడుగు 14 దగ్గర ఉంటుంది. బెజ్జం 16 వేస్తే అడుగున పొట్టుకి చోటు మిగులుతుంది. పలక 24 కాబట్టి పైన 8 మిగిలింది, మొన ఇంకో 2, 3 దిగినా భయం లేదు. అదే ఆరు నూళ్ళ పలక, అంటే ముప్పాతిక అంగుళం, అయితే 13 ఇన్సర్టు వద్దు, 10దే వాడాలి. ఇంకోటి: షాపులో 20 బోల్టులు లేవు, 25 ఉన్నాయి అంటే తీసుకోకు. 25ది లోపలికి 18.5 పోతుంది, బెజ్జం 16. బోల్టు అడుగుకి తన్ని, బిగించినకొద్దీ ఇన్సర్టును పైకి ఎత్తుతుంది. ఇన్సర్టు ఊడొచ్చిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ 5 ఎం.ఎం.లే.

లోతు ఆపడానికి బిట్‌కి రంగు టేపు చుట్టడం అందరూ చేసేదే. వేడికి ఆ టేపు పైకి జరుగుతుంది. దాని బదులు ఒక చిన్న కర్రముక్కకి బెజ్జం వేసి బిట్‌కి తొడుగు. బిట్ చక్ బయటికి 85 వచ్చిందనుకో. దిమ్మ 40, కావాల్సిన లోతు 16, రెండూ తీసేస్తే తొడుగు పొడవు 29. బిట్ పొడవును సూదిమొన నుంచి కాదు, కోరల నుంచి కొలవాలి. చక్ వచ్చి తొడుగుకి, తొడుగు దిమ్మకి తగలగానే ఆగుతుంది. 8.5తో వెడల్పు చేసేటప్పుడు దిమ్మ ఉండదు కాబట్టి దానికి వేరే తొడుగు చేసుకో.

వేసేటప్పుడు వేగం నిమిషానికి వెయ్యి, పన్నెండొందల చుట్లు చాలు. 5, 6 ఎం.ఎం. దిగగానే బిట్ పైకి తీసి పొట్టు రాల్చు. టేకులో ఇసుక గుణం ఉంటుంది, బిట్ పదును త్వరగా పోతుంది. పొగ వచ్చినా, గోడలు నల్లబడినా ఆపి బిట్ మార్చు. కాలిన గోడలో మర పట్టదు.

బెజ్జాలయ్యాక నోటి దగ్గర కౌంటర్‌సింక్ బిట్‌తో వాలు తియ్యి. పైన వెడల్పు 11 ఎం.ఎం. వచ్చేదాకా. ఇది అందం కోసం కాదు. ఇన్సర్టు మొదటి మర దిగుతూ పై నారను ఎత్తుతుంది, నోటి చుట్టూ చిన్న గట్టులా ఉబ్బుతుంది. పట్టీ ఆ గట్ల మీద కూర్చుంటుంది, బల్ల ఊగుతుంది. నీవాటికి అంచు పళ్ళెం లేదు, ఈ వాలు చాలు. పళ్ళెం ఉన్న రకమైతే దాని మందానికి సరిపడా వెడల్పు గుంట బెజ్జం కంటే ముందే ఫోర్స్‌నర్ బిట్‌తో (చదును అడుగు గుంట వేసే బిట్) వేయాలి. బెజ్జం పడ్డాక దాని మొనకి మధ్యలో కర్ర దొరకదు.

దించడం ఒట్టి అలెన్ కీతో వద్దు. మొదటి రెండు చుట్లలోనే అది పక్కకి ఒరుగుతుంది, అంత నిలువుగా వేసిన బెజ్జం వృథా. 60 ఎం.ఎం. పొడవు ఎం6 బోల్టుకి రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురుగా స్పానర్లతో బిగించు. ఆ బోల్టును ఇన్సర్టులో నట్టు తగిలేదాకా తిప్పు. బయటి మర మీద కొవ్వొత్తి రుద్దు. సబ్బు వద్దు, తేమ పట్టి తుప్పు తెస్తుంది. బోల్టు తలకి స్పానర్ పెట్టి తిప్పుతూ, మొదటి రెండు చుట్లకి రెండు వైపుల నుంచీ మూలమట్టం ఆనించి చూడు. బిగుసుకుంటే బలం పెట్టకు, పావు చుట్టు వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి. ఒక ఎం.ఎం. లోపలికి దిగాక ఆపు. బోల్టు తీసేటప్పుడు ఇన్సర్టు కూడా తిరిగి వచ్చేస్తుంది, అందుకని ముందు కింది నట్టును స్పానర్‌తో పట్టుకుని పై నట్టును వదులు చెయ్యి, ఆ తర్వాతే బోల్టు తియ్యి. ఇంపాక్ట్ డ్రైవర్ ఇంట్లో ఉన్నా ఈ పనికి పెట్టె తెరవకు.

దిగాక పరీక్ష: 100 ఎం.ఎం. పొడవు మర రాడ్ ఒకటి దాంట్లో తిప్పి మూలమట్టం పెట్టు. పై కొన దగ్గర 2 ఎం.ఎం. తేడా అంటే డిగ్రీ పైచిలుకు ఒరిగినట్టు. అంతవరకు వాషర్ సర్దుకుంటుంది. 5 ఎం.ఎం. ఉంటే తీసి మళ్ళీ చెయ్యాల్సిందే.

గుర్తు తప్పి బోల్టు పట్టీ బెజ్జానికి అందకపోతే కర్ర జోలికి వెళ్ళకు. ముందు ఇనుములో బెజ్జం 8కో 9కో పెంచి వెడల్పు వాషర్ వెయ్యి. అప్పటికీ కలవకపోతేనే ఇన్సర్టు తీసి, బెజ్జం పెద్దది చేసి టేకు బిళ్ళతో పూడ్చాలి. ఇక్కడ చాలామంది బజారులో దొరికే గుండ్రటి డోవెల్ కడ్డీ కొడతారు. దాని నార నిలువుగా ఉంటుంది, అంటే కొత్త ఇన్సర్టు కోతముఖంలో దిగినట్టే, పట్టు ఉండదు. పలక ముక్క వెడల్పు ముఖంలోంచే ప్లగ్ కట్టర్‌తో బిళ్ళ తీసి, నార పలక నారతో కలిసేలా తిప్పి జిగురు పెట్టు. ఒక రోజు ఆరాక మళ్ళీ బెజ్జం. వదులైన బెజ్జం ఒక్కటే సమస్య అయితే రెండు రకాలు కలిపే ఎపాక్సీ చాలు. ముందు బెజ్జం గోడలను ఎసిటోన్‌తో తుడువు, టేకు నూనెకి జిగురు సరిగా అంటదు. ఇన్సర్టు మీది కొవ్వొత్తి మైనం కూడా తుడిచెయ్యి. లోపలి మరలోకి మాత్రం జిగురు పోకుండా మైనం రాసిన బోల్టు ఎక్కించి ఉంచు.

నీ స్నేహితురాలి ఎండీఎఫ్ (కర్ర నారను జిగురుతో అదిమి చేసిన పలక) బల్ల గురించి అడిగావు. వెడల్పు ముఖంలో వేసేటట్లయితే ఇదే పద్ధతి, బెజ్జం మాత్రం 8.5కి తగ్గకూడదు, ఎపాక్సీ తప్పనిసరి. పక్క అంచులో వేయాలంటే రెండు వైపులా క్లాంపు బిగించకుండా దించితే పొరలుగా విడిపోతుంది. చవక ప్లైవుడ్‌లో లోపల ఖాళీలు ఉంటాయి, బిట్ ఉన్నట్టుండి జారినట్టు దిగితే ఆ చోటు వదిలేసి పక్కకి జరగమను.

చివరగా కాళ్ళు బిగించేటప్పుడు ఎనిమిది బోల్టులూ ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించు, అన్నీ ఎక్కాకే బిగింపు. గుండ్రటి బెజ్జాల్లోవి గట్టిగా, గాడుల్లోవి వాషర్ ఊగనంత మాత్రమే. రెండు మూడు వారాలయ్యాక ఒకసారి, కాలం మారాక ఒకసారి చూసుకో.

మూడు బెజ్జాల ముక్క తయారయ్యాక దేంట్లో ఎలా దిగిందో, ఎం16 నట్టు పరీక్షలో ఏది నిలిచిందో రాసి పంపు. అది చూశాకే పలక మీద పంచ్ పెడుదువుగాని. అత్తయ్య నిన్ను అడిగిందని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య